రెస్టారెంట్‌లో వైన్ అమ్మకాలు పెంచడం ఎలా: అతిథి సంకోచాన్ని పోగొట్టడమే అసలు పని

భోజనానికి వచ్చిన అతిథి చేతికి వైన్ జాబితా ఇచ్చి, కాసేపు దూరంగా నిలబడి గమనిస్తే, అమ్మకాలు ఎందుకు మందగించాయో చాలావరకు అక్కడే అర్థమవుతుంది. వారు రెండు పేజీలు తిప్పుతారు, నోరు తిరగని పేర్ల దగ్గర ఆగుతారు, ధరల వరుసను పైనుంచి కిందికి ఒకసారి చూస్తారు, ఎదుట కూర్చున్నవారి ముఖంలోకి చూస్తారు, ఆ తర్వాత జాబితా మూసి పక్కన పెట్టి మంచినీళ్లు చాలంటారు. వైన్ వద్దనుకునే అలా అన్నవారు కొందరుంటారు. వారి నిర్ణయాన్ని మారు మాట లేకుండా గౌరవించాలి. అయితే పేరు తప్పుగా పలుకుతామేమోనని, డబ్బు పోసి నచ్చనిది తెచ్చుకుంటామేమోనని, తక్కువ ధరది అడిగితే చులకనైపోతామేమోనని జంకి వెనక్కి తగ్గేవారి సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని ఇన్నేళ్ల అనుభవంలో నాకు ఏర్పడిన గట్టి అభిప్రాయం. అందుకే తగ్గింపు ధరలు, ప్రకటనల గురించి ఆలోచించే ముందు, మన రెస్టారెంట్‌లో ఏయే చోట్ల ఈ జంకు పుడుతోందో వెతికి, ఒక్కొక్కటిగా తీసివేయాలి. కింద చెప్పిన పద్ధతులన్నీ ఆ పనికి సంబంధించినవే.

ముందుగా నాలుగు వారాల లెక్క

ఏదైనా మార్చే ముందు, ఇప్పుడున్న పరిస్థితి అంకెల్లో తెలియాలి. నాలుగు వారాల పాటు ప్రతి పూటా ఎన్ని టేబుళ్లకు వడ్డించారు, వాటిలో ఎన్ని టేబుళ్లవారు వైన్ తీసుకున్నారు, గ్లాసులు ఎన్ని, బాటిళ్లు ఎన్ని, తెరిచి పారబోసినది ఎంత అన్న అయిదు సంగతులు రాసుకుంటే చాలు. ఎక్కువ టేబుళ్లు అసలు వైన్ జోలికే రాకపోతే లోపం జాబితాలోనో, మొదటి పలకరింపులోనో ఉంటుంది. చాలామంది ఒక్క గ్లాసుతో ఆపేస్తుంటే, ఆ గ్లాసులోని వైన్ నాణ్యతనూ దాని చల్లదనాన్నీ అనుమానించాలి, రెండోసారి అడిగే సమయాన్ని సరిచూసుకోవాలి. అమ్మకాలన్నీ అట్టడుగు ధరల దగ్గరే ఆగిపోతుంటే, మధ్య ధరల్లో ఉన్నవాటి గురించి అతిథికి నమ్మకం కలిగించే మాట ఎవరూ చెప్పడం లేదని అర్థం. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు గనుక లెక్క లేకుండా మొదలుపెట్టవద్దు.

జాబితా పొడవు, అమరిక, భాష

వందల పేర్లున్న జాబితా యజమానికి గర్వకారణం కావచ్చు గానీ, అతిథికి అది ఒక పరీక్షాపత్రం. అరవై కుర్చీలున్న రెస్టారెంట్‌కు, వైన్ కోసమే వచ్చే అతిథులు ప్రత్యేకంగా లేకపోతే, ముప్పై నుంచి నలభై రకాలు ధారాళంగా సరిపోతాయి. పుస్తకంలా తిప్పాల్సిన అవసరం లేకుండా, తెరవగానే ఎదురెదురు రెండు పేజీల్లో మొత్తం కనిపించేలా ఉంటే, అతిథి తన ముందు ఎన్ని దారులున్నాయో ఒక్క చూపులో గ్రహించగలుగుతారు. సరుకు గదిలో దుమ్ము పట్టే బాటిళ్లు తగ్గుతాయి. సిబ్బంది ప్రతి వైన్‌నూ రుచి చూసి గుర్తుపెట్టుకోగలిగే వీలూ కలుగుతుంది. ఈ చివరి ప్రయోజనమే పెద్దదని నేను భావిస్తాను, ఎందుకంటే తాము రుచి చూడని వైన్‌ను మనస్ఫూర్తిగా సూచించగలిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

దేశాల వారీగా, ప్రాంతాల వారీగా విభజించిన జాబితా ఆ ప్రాంతాలు ముందే తెలిసినవారికి ఉపయోగపడుతుంది. మిగిలినవారికి రుచి ప్రకారం విభజించినదే దారి చూపుతుంది. బుడగలున్న స్పార్క్లింగ్ వైన్లు, తేలికైన పులుపు తేలే వైట్లు, నిండైన వైట్లు, గులాబీ రంగులో ఉండే రోజేలు, మృదువైన రెడ్లు, వగరు గట్టిగా తగిలే రెడ్లు, భోజనం చివర తాగే తీపి వైన్లు అన్న ఏడు తలకట్లు సాధారణంగా సరిపోతాయి. ప్రతి భాగంలోనూ తేలికైనదాన్ని మొదటా, బరువైనదాన్ని చివరా ఉంచితే, చెప్పకుండానే అతిథికి ఒక వరుస అందుతుంది. ధర ప్రకారం పేర్చడం మాత్రం మంచిది కాదు. అలా పేరిస్తే అతిథి వైన్‌ను వదిలేసి ధరల మెట్లను చదవడం మొదలుపెడతారు. ఇదే కారణంతో ధరలన్నిటినీ కుడి అంచున ఒకే నిలువు వరుసలో పెట్టి, పేరు నుంచి అక్కడి దాకా చుక్కల గీత లాగే అలవాటును మానుకోవాలి. వర్ణన ముగిసిన చోటే, అదే అక్షరాల పరిమాణంలో ధర వేస్తే సరిపోతుంది. కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఒక రెస్టారెంట్ భోజన మెనూ మీద జరిపిన పరిశీలనలో, డాలర్ గుర్తు గానీ ఆ మాట గానీ లేకుండా ఉత్త అంకె మాత్రమే చూసిన అతిథులు మిగిలినవారికంటే ఎక్కువ ఖర్చు చేసినట్టు తేలింది. ఆ పరిశీలన ఒక్క చోట, ఒక్క మెనూకు సంబంధించినదే అయినా, ధరను దాచకుండానే దాని అరుపును తగ్గించవచ్చన్న సూచన వైన్ జాబితాకూ పనికివస్తుంది.

ప్రతి వైన్‌కూ ఒక సంఖ్య ఇవ్వండి. ఇది చాలా చిన్న పని, ఫలితం మాత్రం పెద్దది. పేరు పలకడానికి ఇబ్బందిపడే అతిథి "పద్నాలుగో నంబరు తెప్పించండి" అని నిశ్చింతగా అనగలుగుతారు, సరుకు గదిలో వెతికేవారికీ పొరపాటు జరగదు. సంఖ్య తర్వాత పేరు, ద్రాక్ష రకం, ప్రాంతం, వింటేజ్ అని పిలిచే కోత సంవత్సరం, ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యంలో రుచి ఉండాలి. ఆ వాక్యంలో "అపురూపమైన", "మరపురాని" వంటి మాటలకు చోటివ్వకూడదు, ఎందుకంటే అవి అతిథికి ఏ సమాచారమూ ఇవ్వవు. "నిమ్మ, పచ్చగడ్డి వాసన, చురుకైన పులుపు, చేపతో బాగుంటుంది" అన్నప్పుడు ఆ వైన్ నాలుక మీద ఎలా ఉంటుందో చదివినవారికి ఊహ కలుగుతుంది.

తెలిసిన ద్రాక్ష రకాల పేర్లు కొన్ని తప్పనిసరిగా ఉండాలి. షార్డొనే, సావిన్యాన్ బ్లాంక్, కేబర్నే సావిన్యాన్, మెర్లో, పినో నువార్, షిరాజ్ వంటివి కనిపించగానే అతిథి కాస్త ఊపిరి పీల్చుకుంటారు. వాటి పక్కనే, రుచిలో దగ్గరగా ఉండి పేరు అంతగా వినపడని వైన్‌ను నిలబెడితే కొత్తదాని వైపు అడుగు వేయడం సులువవుతుంది. సావిన్యాన్ బ్లాంక్ పక్కన వెర్దేహో, పినో నువార్ పక్కన గమే ఉంచి, "ఇది నచ్చేవారికి అదీ నచ్చుతుంది" అని రాస్తే చాలు. పేరు మోయని వైన్లు కొనుగోలులో చవకగా దొరికే సందర్భాలు ఎక్కువ కాబట్టి, ఆ అడుగు ఇద్దరికీ లాభమే.

జాబితాలో ఉన్నది సరుకు గదిలో లేకపోవడం కంటే అమ్మకానికి చేటు చేసేది మరొకటి లేదు. ధైర్యం చేసి ఒకటి ఎంచుకున్న అతిథికి "అది అయిపోయింది" అని చెప్పినప్పుడు, రెండో ఎంపికకు వారిలో ఆ ధైర్యం మిగలదు. అందువల్ల జాబితాను ఖరీదైన అట్టలో కుట్టించకుండా, వారానికోసారి మార్చి ముద్రించుకోగలిగే సాదా కాగితాల మీద ఉంచడం మేలు. కోత సంవత్సరం మారినప్పుడు జాబితాలోనూ మారాలి. మరకలు పడ్డ కాగితం వెంటనే పోవాలి.

ధర నిర్ణయించే పద్ధతి

చాలాచోట్ల కొనుగోలు ధరను మూడుతో గుణించి అమ్మకపు ధర వేసే అలవాటు ఉంది. చవక వైన్ల విషయంలో అది నడిచినా, మంచి వైన్ల విషయంలో అదే అడ్డుగోడ అవుతుంది. కొనుగోలు ధర 100 ఉన్న బాటిల్‌ను 300కు అమ్మితే చేతిలో 200 మిగులుతుంది. 300కు కొన్నదాన్ని అదే లెక్కన 900కు పెడితే 600 మిగలాలి గానీ, నెలకు రెండే అమ్ముడైతే వచ్చేది 1,200. దాన్నే 700కు తగ్గించి నెలకు అయిదు అమ్మగలిగితే 2,000 మిగులుతుంది, పైగా అయిదు టేబుళ్లవారు మనదగ్గర మంచి వైన్ తాగామన్న తృప్తితో వెళతారు. ఖజానాలో చేరేది డబ్బే తప్ప శాతాలు కావు కనుక, ధర పెరిగే కొద్దీ గుణకాన్ని తగ్గించుకుంటూ పోవడమే వివేకం. అయితే ఎంత తగ్గిస్తే ఎన్ని అదనంగా అమ్ముడవుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు; రెండు మూడు రకాల మీద నెల రోజులు ప్రయత్నించి, లెక్క చూసుకుని, ఆ తర్వాతే మిగిలినవాటికి వర్తింపజేయాలి.

అట్టడుగు నుంచి రెండో ధర దగ్గర ఉన్న వైన్ మీదే రెస్టారెంట్లు ఎక్కువ లాభం వేసుకుంటాయన్న అనుమానం చాలామంది అతిథుల్లో పాతుకుపోయి ఉంది. లండన్ రెస్టారెంట్ల జాబితాలను పెద్ద సంఖ్యలో పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలకు అది నిజం కాదని, ధర మీద వేసుకునే లాభం శాతం జాబితా మధ్యభాగంలోనే గరిష్ఠంగా ఉందని కనిపించింది. ఈ ఫలితం నుంచి నేను తీసుకున్న పాఠం వేరు. సంకోచించే అతిథి చెయ్యి సహజంగా వెళ్లే ఆ రెండో, మూడో ధరల దగ్గర మనం మనస్ఫూర్తిగా మెచ్చే వైన్లను, న్యాయమైన లాభంతో ఉంచాలి. మొదటి బాటిల్ అక్కడ నచ్చితే, రెండోసారి వచ్చినప్పుడు ఆ అతిథే మరో మెట్టు పైకి చూస్తారు.

గ్లాసు ధరకు ఒక చిన్న సూత్రం ఉంది. బాటిల్‌లో 750 మిల్లీలీటర్లు ఉంటాయి కాబట్టి 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి, 125 అయితే ఆరు. అయిదో వంతు ధరకు కొద్దిగా పైన గ్లాసు ధర ఉంటే, తెరిచాక మిగిలిపోయే వైన్ నష్టం భర్తీ అవుతుంది. ముగ్గురు నలుగురు కూర్చున్న టేబుల్‌కు బాటిల్ తీసుకోవడమే లాభమన్న సంగతీ దానంతటదే తెలుస్తుంది. బాటిల్ కొనుగోలు ఖర్చంతా మొదటి గ్లాసులోనే రాబట్టుకోవాలన్న పాత అలవాటు మాత్రం, మంచి వైన్లను గ్లాసుగా అమ్మే దారిని మూసేస్తుంది.

గ్లాసుగా అమ్మడం: సంకోచానికి అసలైన మందు

బాటిల్ అంటే ఒక నిర్ణయం, గ్లాసు అంటే ఒక ప్రయత్నం. కొత్తవారు వైన్ వైపు రావడానికి తలుపు ఇదే కనుక, రెస్టారెంట్‌లోని అతి మంచి శ్రద్ధ ఇక్కడే కనిపించాలి. దురదృష్టవశాత్తు చాలామంది యజమానులు గ్లాసుల కోసం తమ దగ్గరున్న అతి చవక వైన్‌ను కేటాయించి, అది కూడా మూడు రోజుల కిందట తెరిచిన బాటిల్ నుంచి పోసి, ఆ తర్వాత తమ అతిథులకు వైన్ మీద ఆసక్తి లేదని తేల్చుకుంటారు. మొదటి గ్లాసు నిరాశపరిస్తే రెండో గ్లాసు ఉండదు, బాటిల్ అసలే ఉండదు.

గ్లాసుగా ఎనిమిది నుంచి పది రకాలు ఉంచడం సబబు: స్పార్క్లింగ్ ఒకటి, వైట్లు మూడు, రోజే ఒకటి, రెడ్లు మూడు, తీపిది ఒకటి. రోజుకు మూడు నాలుగు గ్లాసులైనా అమ్ముడుకాని రకాన్ని ఈ వరుసలో కొనసాగించకూడదు. వీటన్నిటినీ 75 మిల్లీలీటర్ల సగం గ్లాసుగానూ ఇవ్వగలిగితే, ఒక్కరే వచ్చిన అతిథి కూడా చేపతో ఒకటి, మాంసంతో మరొకటి తీసుకుంటారు. మూడు సగం గ్లాసులను ఒక పళ్లెంలో వరుసగా పెట్టి ఇస్తే మొత్తం 225 మిల్లీలీటర్లు, అంటే గ్లాసున్నర. ఆ మూడింటినీ పోల్చి చూసుకుంటూ టేబుల్ అంతా మాటల్లో పడుతుంది. కొలతలో తేడా రాకుండా గీత ఉన్న చిన్న గాజు కూజాతో కొలిచి, అతిథి ఎదుటే గ్లాసులోకి వంచాలి. కంటి అంచనాతో పోసినప్పుడు ఒక టేబుల్‌కు ఎక్కువా మరో టేబుల్‌కు తక్కువా వెళ్లి, రెండు విధాలా నష్టమే.

ఎటూ తేల్చుకోలేని అతిథికి 30 మిల్లీలీటర్లు ఉచితంగా రుచి చూపించండి. ఒక బాటిల్‌లో అలాంటి రుచులు ఇరవై అయిదు వస్తాయి. ఒక్క గ్లాసు అమ్మకానికి దారితీసే రుచి తన ఖర్చును తానే తెచ్చుకుంటుంది, అమ్మకానికి దారితీయనిది కూడా ఆ అతిథి మనసులో జంకును కొంత కరిగించే వెళుతుంది.

తెరిచిన బాటిల్‌కు గాలి శత్రువు. ఆక్సిజన్ తగిలిన కొద్దీ పండ్ల వాసనలు సన్నగిల్లి, కోసి వదిలేసిన ఆపిల్ లాంటి వాసన, ఆపై వెనిగర్ పులుపు తలెత్తుతాయి. అందుచేత తెరిచిన ప్రతి బాటిల్ మెడకూ తేదీ, వేళ రాసిన చీటీ కట్టాలి, రెడ్ అయినా వైట్ అయినా బిగుతుగా మూసి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అలా ఉంచితే సాధారణ వైన్లు రెండు మూడు రోజులు, గట్టి బిగింపు మూత పెట్టిన స్పార్క్లింగ్ వైన్ ఒకటి రెండు రోజులు నిలుస్తాయి. ఆర్గాన్ వంటి జడ వాయువును బాటిల్‌లోకి వదిలే పరికరాలు ఈ గడువును పొడిగిస్తాయి. 2013లో మార్కెట్లోకి వచ్చిన కొరావిన్ అనే సాధనం కార్క్‌ను తీయకుండా సన్నని సూదిని దానిగుండా దించి, వైన్ బయటికి వచ్చిన చోటును ఆర్గాన్‌తో నింపుతుంది; ఖరీదైన వైన్లను గ్లాసు చొప్పున అమ్మదలచినవారికి ఇది మంచి పెట్టుబడి. పరికరం ఏదైనా సరే, ప్రతి పూట మొదలయ్యే ముందు ఒక బాధ్యుడు తెరిచిన ప్రతి బాటిల్‌నూ వాసన చూసి, రుచి చూసి, సందేహం ఉన్నదాన్ని వంటగదికి పంపాలి. ఈ అయిదు నిమిషాల పనిని ఎంత రద్దీలోనూ మానకూడదు.

చల్లదనం, నిల్వ, గ్లాసులు

వైట్ వైన్‌ను మంచులా, రెడ్‌ను గది వేడిమిలో వడ్డించడం సర్వసాధారణమైన తప్పు. నాలుగు డిగ్రీల ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా పోసిన షార్డొనే వాసనే ఇవ్వదు. ఇరవై అయిదు డిగ్రీల గదిలో నిలిచిన కేబర్నే ఆల్కహాల్ ఘాటుతో గొంతును మండిస్తుంది. స్పార్క్లింగ్ వైన్‌కు 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్, తేలికైన వైట్లకు 7 నుంచి 10, నిండైన వైట్లకు 10 నుంచి 13, మృదువైన రెడ్లకు 12 నుంచి 15, గట్టి రెడ్లకు 16 నుంచి 18 డిగ్రీలు తగినవి. బకెట్‌లో ఉత్త మంచు ముక్కలు వేస్తే బాటిల్‌కు అక్కడక్కడే తగులుతాయి కాబట్టి, మంచూ నీళ్లూ సగం సగం నింపాలి; అప్పుడు ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. వేడెక్కిన రెడ్‌ను కూడా పది నిమిషాలు అందులో ఉంచడానికి వెనకాడవద్దు. ఈ ఒక్క మార్పుతోనే రెండో గ్లాసు అడిగేవారి సంఖ్య పెరగడం నేను స్వయంగా గమనించాను.

నిల్వకు 12 నుంచి 14 డిగ్రీల స్థిరమైన చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు కావాలి. కార్క్ బాటిళ్లను అడ్డంగా పడుకోబెట్టాలి, లేకపోతే కార్క్ ఎండి గాలి చొరబడుతుంది. పొయ్యి దగ్గరి అలమరలో అందంగా నిలబెట్టిన బాటిళ్లు అలంకారానికే తప్ప అమ్మకానికి పనికిరావు. గ్లాసుల విషయంలో ఒకే మాట: కాండం ఉన్న, పైభాగం కాస్త ముడుచుకున్న, పలుచని మధ్యస్థ గ్లాసు ఒకే రకం ఉన్నా చాలు గానీ, సబ్బు వాసన మాత్రం అసలు ఉండకూడదు.

సిబ్బంది నోటి మాట

జాబితా ఎంత బాగున్నా, దాన్ని అతిథికి దగ్గర చేసేది వడ్డించేవారే. ఏడాదికోసారి జరిపే పెద్ద శిక్షణకంటే, ప్రతి రోజూ పూట మొదలయ్యే ముందు పది నిమిషాల పాటు జరిగే చిన్న సమావేశం ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. రోజుకు ఒకే వైన్ తెరిచి, ప్రతి ఒక్కరికీ ఒక గుక్క ఇచ్చి, అది ఎలా ఉందో వారి మాటల్లోనే చెప్పించి, మన వంటకాల్లో దేనితో కలుస్తుందో, ఎలాంటి అతిథికి సూచించాలో మాట్లాడుకోవాలి. మద్యం ముట్టనివారు సిబ్బందిలో ఉంటే, వారు వాసన చూసి, మిగిలినవారి మాటలు రాసుకుని నేర్చుకోగలరు, వారిని బలవంతపెట్టకూడదు. నలభై రోజులు తిరిగేసరికి మొత్తం జాబితా వారి నాలుక మీద ఉంటుంది.

"వైన్ ఏమైనా కావాలా?" అన్న ప్రశ్నకు సులువైన జవాబు "వద్దు". దానికి బదులు, "ఈ పూట చల్లని తేలికైన వైట్ ఒకటి, మృదువైన రెడ్ ఒకటి గ్లాసుగా ఇస్తున్నామండీ, కొంచెం రుచి చూస్తారా?" అని అడిగితే, అతిథి ముందు ఒక స్పష్టమైన, భయం లేని దారి ఉంటుంది. ఈ మాట కూర్చున్న మొదటి కొద్ది నిమిషాల్లోనే, భోజనం చెప్పకముందే రావాలి. వైన్ జాబితాను ఒక్కరి చేతికే ఇచ్చే పద్ధతిని కూడా మానాలి, ఎందుకంటే ఆ టేబుల్ దగ్గర వైన్ గురించి ఎక్కువ తెలిసినది ఎవరో మనకు తెలియదు.

అతిథి అభిరుచి తెలుసుకునే చోట ఒక చిక్కు ఉంది, దీని దగ్గర కొంచెం ఆగాలి. "నాకు డ్రై వైన్ కావాలి" అన్నప్పుడు, వైన్ పరిభాషలో దాని అర్థం తీపి లేనిదని. కానీ చాలామంది ఆ మాటను నోరు ఆరిపోయినట్టు, నాలుక పట్టేసినట్టు ఉండే గుణానికి వాడతారు. అది ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వైన్‌లోకి దిగే టానిన్లనే పదార్థాల వల్ల వచ్చేది. మనకు దానికి చక్కని మాట ఆరు రుచుల్లోనే ఉంది, వగరు. అలాగే పండిన పండ్ల వాసన గుప్పుమనే వైన్‌లో చక్కెర దాదాపు లేకపోయినా, దాన్ని తీపి అనుకునేవారు ఉన్నారు. అందుచేత సిబ్బంది "డ్రైనా, స్వీటా?" అని అడగడం మానేసి, "పులుపు ఇష్టమా? వగరు తగలాలా, మెత్తగా ఉండాలా? తేలికైనది కావాలా, నిండుగా ఉండాలా?" అని అడిగితే, మామూలు మాటల్లోనే అసలు జవాబు దొరుకుతుంది. ఈ మధ్య తాగినవాటిలో బాగా నచ్చినదేదో అడగడం అన్నిటికంటే సూటి మార్గం.

ధర గురించి నోటితో అడగవద్దు. అతిథి తన వాళ్ల ముందు ఎంత ఖర్చు పెట్టదలిచారో చెప్పలేరు. అనుభవం ఉన్న సోమెలియర్లు, అంటే రెస్టారెంట్‌లో వైన్ సంగతి చూసే నిపుణులు, జాబితా తెరిచి, ఒక ధర మీద వేలు పెట్టి, "ఇలాంటిది చూద్దామా?" అంటారు, అతిథి తల ఊపవచ్చు, లేదా తానే మరో చోట వేలు పెట్టవచ్చు, పక్కవారికి అది రుచి గురించిన సంభాషణగానే వినిపిస్తుంది. ఆ పరిధి తెలిశాక రెండు మూడు సూచనలే చేయాలి, వాటిలో ఒకటి అతిథి చూపిన ధరకంటే తక్కువదై ఉండాలి. ఎప్పుడూ పైధర వైపే తోసే సిబ్బందిని అతిథి ఒక్క పూటలో పసిగడతారు. "మీరు చూసినదానికంటే ఇది తక్కువ ధరే, మీ భోజనానికి ఇదే బాగా నప్పుతుంది" అన్న మాట ఒక్కసారి నిజమైతే, ఆ తర్వాత మనం సూచించే ప్రతిదానికీ విలువ పెరుగుతుంది.

భోజనంతో జత కలిపే విద్యలో సిబ్బందికి నాలుగు సంగతులు తెలిస్తే నిత్య వ్యవహారానికి సరిపోతుంది. పుల్లని వంటకానికి అంతకు తగ్గని పులుపున్న వైన్ కావాలి, లేకపోతే వైన్ చప్పబడుతుంది. టానిన్లు మాంసకృత్తులతో కలిసిపోతాయి కాబట్టి వగరు రెడ్లు మాంసంతో మెత్తబడతాయి. కారం ఎక్కువైన చోట ఆల్కహాల్ మంటను పెంచుతుంది. అక్కడ ఆల్కహాల్ తక్కువగా, కొద్దిపాటి తీపితో ఉండే రీస్లింగ్ వంటి వైట్ ఊరటనిస్తుంది. తీపి వంటకంతో తాగే వైన్ ఆ వంటకంకంటే తియ్యగా ఉండాలి. భోజనపు మెనూలో ప్రతి ముఖ్య వంటకం కిందా నప్పే వైన్ సంఖ్యను చిన్న అక్షరాల్లో వేస్తే, వైన్ జాబితా తెరవనివారికి కూడా ఒక సూచన అందుతుంది.

టేబుల్ దగ్గర

బాటిల్ తెచ్చాక దాని మీది లేబుల్‌ను ఆ వైన్ చెప్పినవారికి చూపించి, పేరూ కోత సంవత్సరమూ చెప్పి, వారి ఎదుటే తెరవాలి. ఇందుకు 1882లో జర్మనీకి చెందిన కార్ల్ వీంకే పేటెంట్ పొందిన మడత కార్క్‌స్క్రూ వంశానికి చెందిన సాధనమే నేటికీ అన్నిటికంటే అనువైనది. స్పార్క్లింగ్ వైన్ లోపల అయిదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది గనుక, తీగ వదులు చేసిన క్షణం నుంచి బొటనవేలు కార్క్ మీదే ఉంచి, బాటిల్‌ను వాలుగా పట్టుకుని, బాటిల్‌నే తిప్పుతూ నిశ్శబ్దంగా తీయాలి.

కొద్దిగా పోసి రుచి చూపించడం వైన్ చెడిపోలేదని నిర్ధారించుకోవడానికి. ఈ సంగతి తెలియక, అది తమ జ్ఞానానికి పరీక్ష అనుకుని బిగుసుకుపోయే అతిథులున్నారు. "వైన్ బాగానే ఉందో లేదో ఒకసారి చూడండి" అని మెల్లగా చెబితే ఆ బరువు తొలగిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం. టీసీఏ అనే రసాయనం దానికి కారణమని 1981లో గుర్తించారు. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు దాన్ని పసిగడుతుంది. అలాంటి బాటిల్‌ను క్షమాపణ చెప్పి వెంటనే మార్చాలి, చాలామంది సరఫరాదారులు దాని విలువను సర్దుబాటు చేస్తారు కూడా. వైన్‌లో దోషం లేకపోయినా అతిథికి నచ్చకపోతే, వాదించకుండా మరొకటి తెచ్చి, మొదటిదాన్ని ఆ పూట గ్లాసులుగా అమ్ముకోవచ్చు.

గ్లాసులో మూడో వంతు వరకే పోయాలి. త్వరగా బాటిల్ ఖాళీ చేయించాలని మాటిమాటికీ నింపడం అతిథికి తెలిసిపోయే ఎత్తుగడ, అది అవమానంగా తోస్తుంది. చివరి పావు భాగం మిగిలినప్పుడు, ప్రధాన వంటకం ఇంకా రావలసి ఉంటే, "మాంసంతో పాటు ఒక రెడ్ చూద్దామా, లేక ఇదే మరొకటి తేనా?" అని అడగడానికి అది సరైన సమయం. అడగకుండా రెండో బాటిల్ తెరవకూడదు.

అమ్మకం ఎంత ముఖ్యమైనా కొన్ని గీతలు దాటకూడదు. వయసు విషయంలో సందేహం ఉంటే గుర్తింపు పత్రం చూడాలి, మత్తు తలకెక్కినవారికి వడ్డన ఆపాలి, ప్రతి టేబుల్‌కూ అడగకుండానే నీళ్లు అందాలి, వాహనం నడపాల్సినవారికి ఆల్కహాల్ లేని మంచి పానీయం ఒకటి అంతే మర్యాదగా సూచించాలి. ఎక్కువ బాటిళ్లు అమ్మినవారికి బహుమానం అన్న పద్ధతి ఈ గీతలన్నిటినీ చెరిపేస్తుంది కాబట్టి నేను దాన్ని ఎవరికీ సూచించను; కొత్త వైన్ గురించి బాగా నేర్చుకున్నవారికి ఒక బాటిల్ కానుకగా ఇవ్వడం మేలు.

వారం వారం సవరణ

వారానికోసారి బాటిళ్లు లెక్కించి, అమ్మకాల పక్కన పెట్టి చూడండి. అరవై రోజులుగా కదలని వైన్ ఏదైనా కనిపిస్తే, ముందుగా దాన్ని సిబ్బంది సమావేశంలో తెరిచి రుచి చూడండి. బాగుంటే లోపం వర్ణనలోనో ధరలోనో ఉంది. రెండు వారాలు గ్లాసుగా పెట్టి చూడవచ్చు. బాగా లేకపోతే కొన్న ధరకే వదిలించుకుని, ఆ స్థానంలో మరొకటి తేవాలి. ఈ సందర్భంలోనే సరఫరాదారులు తమ దగ్గర నిలిచిపోయిన సరుకును తగ్గింపుతో అంటగట్టాలని చూస్తారు. వారి నమూనాలను, శిక్షణను సంతోషంగా స్వీకరించండి గానీ, మన జాబితాలో ఏముండాలో నిర్ణయించే కలం మాత్రం వారి చేతికి ఇవ్వవద్దు. నెల చివర, మొదట రాసుకున్న అయిదు అంకెలను మళ్లీ తీసి, వైన్ తీసుకున్న టేబుళ్ల సంఖ్యనే అన్నిటికంటే ముందు చూడండి. బాటిళ్ల సగటు ధర పెరగకపోయినా ఆ సంఖ్య పెరిగిందంటే, జాబితా మూసి పక్కన పెట్టే చేతులు తగ్గాయన్నమాట. తర్వాతి నెల ధరల సంగతి చూడవచ్చు.